ఎర్ర స్టీరింగు

కారు అమ్మేశాక అమ్మినవాడు నోరు మూసుకుని తన పని తాను చూసుకోవాలి. లోకంలో అందరూ చేసేది అదే. సూదిబాబాయి అలా చెయ్యలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కార్ల సీట్లూ, మడత టాపులూ కుట్టడం ఆయన పని. చేతిలో ఎప్పుడూ సూది ఉంటుంది, నోట్లోంచి వచ్చే మాట కూడా అలాగే గుచ్చుకుంటుంది, అందుకే వీధి వీధంతా ఆయన్ని సూదిబాబాయి అనే పిలుస్తారు. ఆయనకి ఒక పాత కన్వర్టబుల్ కారుండేది. బటన్ నొక్కితే గుడ్డ టాపు వెనక్కి మడుచుకుపోయే రకం. దాన్ని ఒక పళ్ళ డాక్టరమ్మకి అమ్మాడు. అమ్మిన మర్నాటి నుంచీ ఫోన్లు మొదలుపెట్టాడు.

"అమ్మా, టాపు ఎడమ మూల కారుతుంది, వానొస్తే కింద తువ్వాలు పరుచుకోండి."

"అమ్మా, తలుపుల వెనకాల నీళ్ళు పోయే కన్నాలుంటాయి. ఆకులడ్డం పడితే నీళ్ళన్నీ సీటు కిందికి చేరతాయి. కారు కంప్యూటర్ డబ్బా ఉండేది అక్కడే. అది తడిసిందా, కారు ఇంక మొండికేసినట్టే."

"అమ్మా, వెనకద్దం గుడ్డకి జిగురుతో అతికించి ఉంటుంది, ఎండకి ఊడొస్తుంది. అప్పుడప్పుడూ వేలితో నొక్కి చూస్తుండండి."

"అమ్మా, చలిలో టాపు తియ్యకండి. సగంలో ఆగిపోయి గొడుగులా నిలబడిపోతుంది. ఇంక దాన్ని దించడం ఎవడి తరమూ కాదు."

ఇవేవీ ఆయన కల్పించినవి కావు. ఆ రకం కారున్న ప్రతివాడూ మొత్తుకునే బాధలే. కానీ రోజూ పొద్దున్నే ఎవరు వింటారండీ? డాక్టరమ్మ మొదట్లో "సరే అంకుల్" అంది. తరవాత "చూస్తాలెండి" అంది. పేషెంటు నోరు తెరుచుకుని కుర్చీలో పడుకునుండగా "టైర్లలో గాలి చూసుకున్నారా అమ్మా?" అని ఫోన్ చేసేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడా కారు మీది కాదండీ, నాది. ఇంక ఫోన్ చెయ్యకండి" అని నంబర్ బ్లాక్ చేసేసింది. మనమైతే ఇంకా ముందే చేసుందుం. అప్పుడాయన రెండుసార్లు క్లినిక్‌కే వెళ్ళి, రిసెప్షన్‌లో జాగ్రత్తలన్నీ చెప్పొచ్చాడు.

"కూతుర్ని కాపురానికి పంపినట్టు ఆ బెంగేంటండీ?" అని భార్య నవ్వేది. "వాళ్ళ కారు, వాళ్ళ తువ్వాలు. మీకెందుకు?"

ఆయన మూతి ముడుచుకునేవాడు.

శనివారం పొద్దున బావమరిది షాపుకొచ్చాడు. సర్వీస్ సెంటర్లో రీకాల్ కౌంటర్ అతనిది. కంపెనీ పెట్టిన పార్టులో లోపం ఉందని బయటపడితే ఆ కార్లన్నిటినీ వెనక్కి పిలిపించి, ఊరికే మార్చి పంపే విభాగం అది. వస్తూనే స్టూలు మీద కూలబడ్డాడు.

"మొన్నొక కేసు చూశాను బావా. అప్పట్నుంచీ అన్నం సయించడంలేదు."

"ఏమైందిరా?"

"నీ పాత కారు మోడలే. కారాయన ట్రాఫిక్కులో మెల్లిగా పోతూ ముందు కారుని తగిలాడంతే. బంపరుకి గీత పడిందో లేదో. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంది. దాన్లో గాలి పుట్టించే డబ్బా ఉంటుంది చూడు, అది ముక్కలు ముక్కలైంది. ఆ ఇనప ముక్కలు మూతని చీల్చుకొచ్చి మెడలో దిగాయి."

"అంటే ఆయన రీకాల్ చేయించుకోలేదా?"

"అదేగా విచిత్రం! కారు నంబర్ కొడితే చేసేశామనే వస్తోంది. నిజంగానే చేశాం. కొత్తది పెట్టి పంపాం. ఆ తరవాత ఎవడో తలమాసినవాడు తుక్కు యార్డులోంచి పాత స్టీరింగు తెచ్చి, దాని ఎయిర్‌బ్యాగ్‌తో సహా బిగించేశాడు. బుద్ధున్నవాడెవడైనా అలాంటి పని చేస్తాడా బావా?"

సూదిబాబాయి చేతిలో సూది ఆగిపోయింది.

ఎవడు చేస్తాడంటే, రంగు పిచ్చి ఉన్నవాడు చేస్తాడు. ఆ కారు లోపలంతా ముదురెరుపు. సీట్లు, తలుపులు, గేరు రాడ్డు చుట్టూ ఉండే తొడుగు, అన్నీ ఆయన తన చేత్తో కుట్టుకున్నవే. రీకాల్లో కొత్త ఎయిర్‌బ్యాగ్ పెట్టించుకున్నాడు, బాగానే ఉంది. కానీ స్టీరింగు మధ్యలో కనపడే దాని మూత నల్లటిది. ఆ కొత్తది నలుపులోనే వస్తుందన్నారు. తెల్ల చొక్కా మీద ఇంకు మరక పడ్డట్టు, కార్లో కూచున్నప్పుడల్లా ఆయన కళ్ళు అక్కడికే పోయేవి. ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు తుక్కు యార్డులో అదే మోడల్ కారు కనపడింది. వెనక నుంచి లారీ గుద్దిన కారు. దానికి ఎర్ర స్టీరింగు, ఎర్ర మూత. ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇంటికి తెచ్చి, చిరిగిన తోలు వొలిచేసి, కొత్త ఎర్ర తోలు తొడిగి, ఒక్కో కుట్టూ చేత్తో వేశాడు. మిషన్ ముట్టుకోలేదు. నల్లది ఊడదీసి ఎర్రది బిగించాడు.

బిగిస్తున్నప్పుడు ఒక అనుమానం రాకపోలేదు. దీనికి రీకాల్ అయిందా, కాలేదా? అయితే మూత నల్లగా ఉండాలి గదా? యార్డువాళ్ళు చూసే ఉంటార్లే అనుకున్నాడు. ఎందుకనుకున్నాడు? అలా అనుకుంటేనే ఎరుపు దక్కుతుంది గనక. మనిషి తనకి కావలసిన దాని కోసం ఎంత తేలిగ్గా సర్ది చెప్పుకుంటాడో చూడండి. తరవాత ఆ అనుమానం మళ్ళీ ఆయన గుమ్మం తొక్కలేదు. డాక్టరమ్మకి టాపు గురించి చెప్పాడు, కన్నాల గురించి చెప్పాడు, అద్దం గురించి చెప్పాడు. స్టీరింగు ఊసు ఒక్కసారీ ఎత్తలేదు. దాచాలని కాదు. ఆ కార్లో ఆయన వంక పెట్టని వస్తువు అదొక్కటే.

"బావా, ఏంటలా అయిపోయావు? నీళ్ళు తాగుతావా?"

"ఆ తలమాసినవాణ్ణి నేనేరా."

"ఏంటీ?"

"అంటే ఆ కారు కాదు. డాక్టరమ్మ కారు. నేనూ అదే పని చేశాను. యార్డు స్టీరింగే, యార్డు ఎయిర్‌బ్యాగే."

బావమరిది గుడ్లప్పగించాడు. "నీకేం పోయేకాలం వచ్చింది బావా! నాతో ఒక్క మాటైనా అనలేదే!" అంటూనే ఫోన్ తీసి కారు నంబర్ కొట్టాడు. స్క్రీను మీద పచ్చగా వచ్చింది, రీకాల్ పూర్తయిందని. దాన్ని బావకి చూపించాడు. "ఇదిగో. మా కంప్యూటర్ లెక్కలో దానికి ఏ రోగమూ లేదు. నేను పిలిపిద్దామన్నా కుదరదు. కారు నా దగ్గరికొచ్చి, విప్పి చూస్తేనే బయటపడుతుంది."

"ఆవిడకి ఫోన్ చెయ్యరా. నా ఫోన్ వెళ్ళదు."

చేశాడు. "మేడమ్, సర్వీస్ సెంటర్ నుంచండీ, మీ కారు స్టీరింగు గురించి. మీకు అమ్మినాయన మా బావే, ఆయన చెప్తే..." అన్నాడో లేదో, అవతల నుంచి ఆవిడ గొంతు షాపంతా వినపడింది. "ఇప్పుడు మీతో కూడా చేయిస్తున్నాడా ఆయన? మీకు సిగ్గు లేదా?" ఠపీమని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

షాపు వెనకే ఇల్లు. భార్య లోపల్నుంచి అంతా వింటూనే ఉంది. మామూలుగా అయితే ఈపాటికి ఆయన్ని దులిపేసేది. ఇప్పుడు గుమ్మం పట్టుకుని నిలబడింది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమండీ, ఆవిడకో చిన్నపిల్ల ఉంది కదూ? కారు తీసుకెళ్ళిన రోజు చంకనేసుకొచ్చింది."

ఆయన తలూపాడు.

ఆవిడ గబగబా స్టూలెక్కి, అటక మీంచి ఒక అట్టపెట్టె దించింది. రీకాల్లో పెట్టిన ఆ నల్ల ఎయిర్‌బ్యాగ్ అది. ఆయన దేన్నీ పారెయ్యడు గదా. "మీ మాటంటే ఆవిడ నమ్మదు. కనీసం వస్తువు చూసైనా నమ్ముతుందేమో. వెళ్ళండి. ఇంకా నిలబడతారేం, వెళ్ళండి!"

పెట్టెలోది తీసి సంచీలో వేసుకుని స్కూటర్ ఎక్కాడు. ముందు ఏ కారు బ్రేకు వేసినా గుండె ఝల్లుమంటోంది. మెల్లిగా తగిలినా చాలట. బంపరుకి గీత పడినా చాలట. 'ఇవాళొక్క రోజు ఆగమ్మా, ఇవాళొక్క రోజు కారు తియ్యకు' అని పైకే అనుకుంటూ పోయాడు. పక్కన ఆగినవాళ్ళు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి ఆయన్ని చూడగానే నవ్వాపుకుంది.

"మీరా! ఈసారి ఏం కారుతోందండీ?"

"అమ్మా, డాక్టరమ్మతో ఒక్క నిమిషం మాట్లాడాలి. ప్రాణాల మీదికొచ్చింది."

"మీరొస్తే లోపలికి పంపొద్దన్నారండీ. ఏమీ అనుకోకండి. అయినా ఇవాళ టైము లేదు. లోపలున్న పేషెంటు కాగానే మేడమ్ పాపని తీసుకుని వాళ్ళమ్మగారింటికి బయల్దేరుతున్నారు. కొండదారి కదా, టాపు తీసేసి వెళ్దామని పాప ఒకటే గోల. ఇప్పట్నుంచే కారెక్కి కూచుంది."

అదే సమయానికి వెనక పెరట్లోంచి పీప్ పీప్ అని హారన్ మోగింది.

"అదిగో" అని నవ్వింది అమ్మాయి. "పొద్దున్నుంచీ అదే సంగీతం."

హారన్ ఎక్కడుంటుందో తెలుసుగా? స్టీరింగు మధ్యలో, ఆ ఎర్ర మూత మీద. కారు నిలబడి ఉంటే అది పేలదు, దేనికైనా గుద్దుకుంటేనే పేలుతుంది. ఆ సంగతి ఆయన బుర్రకి తెలుసు. ఒంటికి తెలియడంలేదు, వణికిపోతోంది. కారొచ్చే పెరటి గేటుకి తాళం ఉంది, ఇంక పెరట్లోకి దారి క్లినిక్ లోపల్నుంచే.

"ఆ పిల్లని దింపెయ్యమ్మా! ఆ స్టీరింగు పేలుతుంది!"

"పోయినసారి వెనకద్దం ఊడి మీద పడుతుందన్నారు కదండీ" అంది అమ్మాయి విసుగ్గా. "ఇంక వెళ్ళండి, ప్లీజ్."

నెత్తీ నోరూ బాదుకోవాలనిపించింది ఆయనకి. ఇన్నాళ్ళూ చిన్నదానికీ పెద్దదానికీ ఒకే గొంతుతో అరిచాడు. ఇప్పుడు దీనికంటూ అరవడానికి వేరే గొంతెక్కడిది? ఆ ఆలోచన వచ్చేసరికి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. అక్కడే ఆయనకొక ఉపాయం తట్టింది. చెంప మీద చెయ్యి అదిమి పట్టుకున్నాడు.

"సరేనమ్మా, కారు గొడవ వద్దు. నాకు పన్ను నొప్పి. చచ్చిపోతున్నాను. పేషెంటుని పంపొద్దని చెప్పలేదుగా మీ మేడమ్?"

ఆ అమ్మాయి తటపటాయించింది. చెంపల మీంచి ధారగా కారుతున్న నీళ్ళు చూసింది. ఆ నీళ్ళు మాత్రం అబద్ధం కాదు. లోపలి పేషెంటు బయటికి రాగానే తలుపు తోసి, "మేడమ్, ఒక్క ఎమర్జెన్సీ అండీ, పాపం పెద్దాయన ఏడుస్తున్నారు" అంది.

కుర్చీలో పడుకోబెట్టారు. కాళ్ళు పైకి, తల కిందికి, మెడకో కాగితం గుడ్డ. సంచీ ఒళ్ళోనే పట్టుకున్నాడు. డాక్టరమ్మ చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని తల వెనక నుంచి వచ్చింది. ఆవిడకి మొహం కంటే ముందు నోరే కనపడుతుంది, ఆ వృత్తి అలాంటిది. "పెద్దగా తెరవండి" అంది. తెరిచి చెప్పబోయాడు. చెప్పేలోపలే బుగ్గలో దూది కుక్కేసింది, దాని వెనకే అద్దం పెట్టింది.

"హ్హీ... హ్హీ..." అన్నాడు.

"ఇక్కడా? కింద పన్నా?"

"హ్హీయింగు..."

"కదలకండి. నోట్లో సూదిగా ఉన్నది పెట్టాను, గుచ్చుకుంటుంది."

పెరట్లో హారన్ మళ్ళీ మోగింది, ఈసారి ఆపకుండా. సూదిబాబాయి ఇంక ఆగలేకపోయాడు. ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుని పక్కకి లాగి, దూది ఉమ్మేసి లేచి కూచున్నాడు. ఆవిడ అప్పుడు చూసింది మొహం.

"మీరా! నా క్లినిక్‌లోకి దొంగ నొప్పితో... బయటికి నడవండి. నడుస్తారా, పోలీసుల్ని పిలవనా?"

"పిలవండమ్మా. నన్ను పట్టించండి. కానీ ముందా పిల్లని కార్లోంచి దింపండి. ఆ స్టీరింగులో ఉన్నది రీకాల్ చెయ్యని ఎయిర్‌బ్యాగ్. పేలితే ఇనప ముక్కలు మొహంలోకొస్తాయి."

"రీకాల్ ఎప్పుడో అయిపోయింది. కొనేముందే చూసుకున్నాను." కోపంతో ఫోన్ తీసి, నంబర్ కొట్టి, ఆయన మొహం ముందు పెట్టింది. మళ్ళీ అదే పచ్చ రంగు. "చదవండి. మీరే చదవండి. ఏమని ఉంది?"

ఆయన చదవలేదు. సంచీలోంచి నల్లటి ఆ గుండ్రటి వస్తువు తీసి, ఆవిడ పళ్ళు పీకే సామాను పక్కన ట్రేలో పెట్టాడు.

"ఆ నంబర్ చెప్పేది దీని గురించమ్మా. వాళ్ళు మార్చి పెట్టింది దీన్ని. ఇది మీ కార్లో లేదు. నా సంచీలో ఉంది."

ఆవిడ దాన్ని చూసింది. దాని వెనక సర్వీస్ సెంటర్ వాళ్ళు అంటించిన, తన కారు నంబరున్న చీటీ చూసింది.

"మరి నా కార్లో ఉన్నదేంటి?"

"తుక్కు యార్డుది. మార్చనిది. నేనే తీసుకొచ్చి పెట్టాను."

"ఎందుకు?"

"ఎర్రగా ఉంటుందని."

"ఎర్రగా ఉంటుందని" అంది ఆవిడ, మెల్లిగా. మరుక్షణం మాస్కు, గ్లవుజులు ఏవీ తియ్యకుండానే పెరటి తలుపు వైపు పరుగెత్తింది. ఆయనా వెనకే పరుగెత్తాడు, మెడకి కట్టిన కాగితం ఎగురుతూ ఉండగా.

పాప డ్రైవర్ సీటు మీద మోకాళ్ళ మీద కూచుంది. రెండు చేతులూ స్టీరింగు చుట్టూ వేసి, ఎర్ర మూత మీద చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, చెంపతోనే హారన్ నొక్కుతోంది. డాక్టరమ్మ చంకల కింద చేతులేసి ఒక్క గుంజు గుంజింది. పాప కాళ్ళు తన్నుకుంది.

"అమ్మా, ఉండు! అది మెత్తగా ఉంటుంది, నేను పడుకున్నాను!"

పెరట్లో ఒక పక్క గోడ, ఇంకో పక్క నీళ్ళ ట్యాంకు దిమ్మ. డాక్టరమ్మ పాపని పొదివి పట్టుకుని మెట్ల మీద కూలబడి వాటి వంక చూస్తోంది. "రోజూ క్లినిక్ అయ్యాక దీన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని ఇక్కడే తిప్పేదాన్ని" అంది, ఎవరితోనో అన్నట్టు. "ఒకసారి ఆ దిమ్మకి కొద్దిగా తగిలింది కూడా. ఇద్దరం నవ్వుకున్నాం."

సూదిబాబాయి తాళం అడిగాడు. ఆవిడ వైపు చూడకుండానే చెయ్యి చాపాడు. డిక్కీ తెరిచి, అందులో ఉండే బ్యాటరీ వైరు ఊడదీసి పక్కకి వంచాడు. బావమరిదికి ఫోన్ చేసి, "లారీ పంపరా, కారుని ఎత్తుకుపోయే లారీ. దీన్ని ఎవరూ నడపడానికి వీల్లేదు. ఏం జరిగిందో మీ ఆఫీసులో నేనే చెప్తాను" అన్నాడు. ఇంక చెయ్యడానికేం మిగల్లేదు. వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

ఆవిడ తిడుతుందని చూశాడు. చెంప పగలగొడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ అరవనైనా లేదు. మాస్కు కిందికి లాగింది. ఆ మొహం చూసి ఆయన తల దించేసుకున్నాడు.

"కొనేముందు ఇంకో కారు కూడా చూశాను అంకుల్" అంది. "దాని టాపు కారదు. అద్దం ఊడదు. మా అన్నయ్య దాన్నే తీసుకోమన్నాడు. పిల్లని పెట్టుకుని ఈ పాత బండి నీకెందుకే అని తిట్టాడు."

ఆయన మెడకున్న కాగితం గుడ్డ తీసి నలుపుతున్నాడు.

"మీ కార్లో కూచుని ఆ స్టీరింగు పట్టుకున్నాను. చుట్టూ ఉన్న కుట్లన్నీ వేలితో తడుముతూ చూశాను, ఒక్కటి కూడా వంకర లేదు. ఇంత శ్రద్ధగా కుట్టిన మనిషి ఈ కారుని ఎంత జాగ్రత్తగా చూసుకుని ఉంటాడో, ఇందులో నా పిల్లని నిశ్చింతగా కూచోబెట్టుకోవచ్చు అనుకున్నాను. అది చూసే కొన్నాను."

జీవితమంతా కుట్టాడాయన. ఆయన పనితనాన్ని అంతలా మెచ్చుకున్నవాళ్ళు అంతకుముందు ఒక్కరూ లేరు. ఆ మెప్పు వింటూ నిలబడటం ఎంత నరకమో ఆయనకే తెలుసు. క్షమించమని అడుగుదామనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

ఈలోగా పాప తల్లి చేతుల్లోంచి జారి కారు వైపు నడిచింది. "వెళ్ళిపోతోందా మన కారు? ఒక్కసారి హారన్ కొట్టి టాటా చెప్పొస్తానమ్మా" అంది.

"వద్దు!" అని ఇద్దరూ ఒక్కసారే కేక పెట్టారు.

బ్యాటరీ వైరు ఊడదీసి ఉంది, ఆ కారు ఇంక ఎంత నొక్కినా కూతైనా కుయ్యదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పాప హడలిపోయి ఉన్నచోటే ఆగిపోయి, నేనేం చేశానని అంటూ ఏడుపందుకుంది.